పిలిచే కౌజు

నా చిన్నప్పుడు ఏ సంగతీ నా కడుపులో నిలిచేది కాదు. బడిలో విన్నది ఇంట్లో, ఇంట్లో విన్నది బడి బస్సులో, రెండు చోట్లా విన్నది తోటలో పనిచేసేవాళ్ళ దగ్గర చెప్పేస్తే తప్ప నాకు అన్నం సహించేది కాదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ విసుక్కునేది. మా నాన్న మాత్రం ముద్దుగా "మా ఇంటి రేడియో" అనేవాడు. వచ్చినవాళ్ళ ముందు కూడా అలాగే చెప్పి నవ్వేవాడు, నేను కూడా అదేదో బిరుదులాగా పొంగిపోయేదాన్ని. ఆ రేడియో ఒకరి కొంపకు ఏం చేసిందో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడాది తర్వాత నాకు నోరు మూసుకోవడం కూడా వచ్చింది.

మేము ఖతార్‌లో ఉండేవాళ్ళం. ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను గానీ, అప్పుడు ఉన్నది దోహాలో కాదు. అల్ ఖోర్ దాటాక తారు రోడ్డు వదిలేసి ఇంకా లోపలికి వెళ్తే ఒక పెద్దమనిషి సొంత తోట ఉండేది. చుట్టూ ఎత్తు గోడ, లోపల ఖర్జూరపు చెట్లు, పశువుల మేతకు పచ్చటి గడ్డి మడులు, వాటికి రాత్రింబవళ్ళు నీళ్ళు తోడే మోటార్లు. గోడ అవతల కనుచూపు మేర రాయీ ఇసుకా. మా నాన్న కృష్ణా జిల్లా మనిషి, వ్యవసాయం చదువుకున్నవాడు, ఆ తోటకు మేనేజరు. గేటు పక్కన రెండు గదుల ఇంట్లో నాన్న, అమ్మ, నేను. నాతో ఆడుకునే పిల్లలు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు.

తోట యజమానిని పనివాళ్ళంతా అర్బాబ్ అనేవాళ్ళు. ఆయనకు డేగలంటే ప్రాణం. చలికాలంలో స్నేహితులు తమ డేగలతో వచ్చినప్పుడు, వేట కోసం ఏ దేశమో పోకుండా తన నేల మీదే వాటికి పిట్ట దొరకాలని ఆయన ముచ్చట. అందుకని ఒక ఏడాది కౌజు పిట్టలను పెంచి తోటలో వదలాలనుకున్నాడు. కౌజంటే మన వైపు చేలగట్ల మీద పొదల్లో తిరిగేదే. పెద్ద కోడిపిల్లంత ఉంటుంది, ఒళ్ళంతా బూడిద రంగు చారలు, ఎగరమంటే బద్ధకం, పరిగెత్తమంటే హుషారు. పొద్దున్నా సాయంత్రమూ మాత్రం గొంతు చించుకుని అరుస్తుంది. ఒకటి అరిస్తే ఇంకొకటి బదులిచ్చేదాకా ఊరుకోదు.

గుడ్లు తెప్పించారు, గంపలో కొన్ని పెద్ద పిట్టలను తెప్పించారు, పొదిగించే యంత్రం తెప్పించారు. మనిషే దొరకలేదు. మా నాన్న పైరు సంగతి తెలిసినవాడే గానీ పిట్టల సంగతి తెలియదు. అప్పుడు బయటపడ్డాడు మా కౌజుల బాబాయి. జగిత్యాల వైపు పల్లెటూరి మనిషి, నలభై ఏళ్ళుంటాయేమో. తోటలో నీళ్ళ గొట్టాలు వేసే పనికి వచ్చాడు. ఆయన తాతల కాలంలో వలలు పన్ని కౌజులు పట్టడమే వాళ్ళ ఇంటి పనట. ఒకరోజు నాలుక మడిచి అచ్చం కౌజులా కూస్తే గంపలో ఉన్న పిట్టలన్నీ ఒక్కసారి మెడలెత్తాయి. ఆ పూటే నాన్న ఆయన చేతిలోంచి గొట్టాలు లాగేసి పిట్టల పని అప్పగించాడు.

ఆయనకొక తమ్ముడు, పాతికేళ్ళు కూడా నిండని మనిషి, మోటార్లు చూసేవాడు. అతన్ని నేను చిన్న బాబాయి అనేదాన్ని. వాళ్ళ నాన్న తొందరగా పోతే అన్నే పెంచి పెద్దచేసి, వీసా తీయించి ఇక్కడికి తెచ్చుకున్నాడు. అన్న మధ్యలో ఒకసారి ఇంటికి వెళ్ళొచ్చాడు. తమ్ముడు వచ్చి నాలుగేళ్ళయినా ఊరి మొహం చూడలేదు. అమ్మను వాళ్ళు అవ్వ అనేవాళ్ళు. ఆ అవ్వ దృష్టిలో కొడుకులిద్దరూ దుబాయ్‌లో ఉన్నారు. ఖతార్ అనే పేరు ఆవిడకు చివరిదాకా నోరు తిరగలేదని బాబాయి చెప్పి నవ్వేవాడు.

బడి బస్సు గేటు దగ్గర దించగానే పుస్తకాల సంచీ అరుగు మీద పడేసి పిట్టల దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఉడికించిన గుడ్డు నలిపి పిల్లలకు పెట్టడం, వేడి బల్బుల కింద అవి ఒకదాన్నొకటి తొక్కుకోకుండా చూడడం, నీళ్ళ గిన్నెలో గులకరాళ్ళు వెయ్యడం అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గులకరాళ్ళు ఎందుకంటే, వాటి సందుల్లోంచి తాగితే పిల్లలు నీళ్ళలో పడి మునిగిపోవు. నాకు అక్షరం నేర్పిన టీచర్ల మొహాలు ఇప్పుడు గుర్తులేవు. ఆ గులకరాళ్ళు గుర్తున్నాయి.

ఎండలు తగ్గాక మొదటి విడత పిట్టలను వదిలారు. అర్బాబ్ స్వయంగా వచ్చి వలగూటి తలుపు తీశాడు. అరవై కౌజులు బిలబిలమంటూ గడ్డిలోకి దూరాయి. అందరూ చప్పట్లు కొట్టారు. వారం తిరిగేసరికి ఒక్కటీ లేదు. కొన్ని గోడ దాటి పక్క తోటలోకి, కొన్ని ఎడారిలోకి, కొన్ని పిల్లుల కడుపుల్లోకి పోయాయి. అర్బాబ్ మా నాన్నను నలుగురిలో నిలబెట్టి తిట్టాడు. నాన్న ఇంటికి వచ్చి అమ్మ మీద విసుక్కున్నాడు. బాబాయిని మాత్రం ఏమీ అనలేదు, ఎందుకంటే అన్నిటినీ ఒక్కసారి వదలొద్దని ఆయన ముందే మొత్తుకున్నాడు.

రెండో విడత పిట్టలు ఎదిగాక పని ఆయన పద్ధతిలో జరిగింది. యాభైలో ఆరింటిని వలగూట్లోనే ఉంచి మిగిలినవాటిని ఒక సాయంత్రం మేత పెట్టే వేళకు నెమ్మదిగా బయటికి తోలాడు. చీకటి పడబోతుండగా లోపలి ఆరూ అరవడం మొదలుపెట్టాయి. గడ్డి మడుల్లోంచి ఒకటి బదులిచ్చింది, తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే బయటికి వెళ్ళినవి ఒక్కొక్కటే పరిగెత్తుకొచ్చి వలగూటి చుట్టూ పొదల్లో చేరాయి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నెల గడిచినా ఒక్కటీ గోడ దాటలేదు. నాకది గారడీలా కనిపించింది. గూడు మీద మమకారంతో వస్తున్నాయా అని అడిగాను.

"గూటి కోసం రావు బిడ్డా, గూట్లె ఉన్నదాని కోసమొస్తయి," అన్నాడు బాబాయి. "లోపల ఒక్కటి ఉన్నదనుకో, బయటున్నదానికి తాడు కట్టినట్టే. అది ఎటు పోయినా మాపటికి ఈడికే రావాలె."

ఆ ఆరింటిలో ఒకదానికి గొంతు పెద్దది. అది మొదలుపెడితేనే మిగిలినవి అందుకునేవి. దానికి నా చేత్తో గింజలు వేస్తూ, దీన్నెప్పుడు వదులుతావని అడిగాను. మంచిగ పిలిచేదాన్ని ఎవ్వరిడుస్తరు బిడ్డా అని ఆయన గిన్నె కడుక్కోవడంలో పడిపోయాడు. నాకు ఆ పిట్ట మీద జాలి వేసింది. ఆ జాలి అన్నం వేళ దాకా ఉంది. అన్నం దగ్గర కూర్చోగానే జాలి పోయి, కొత్త సంగతి తెలుసుకున్న గొప్ప మిగిలింది.

నాన్నకు మొత్తం పూస గుచ్చినట్టు చెప్పాను. లోపల ఒకటి ఉంటే బయటిది పారిపోదట నాన్నా, తాడు అక్కర్లేదట, బాగా పిలిచేదాన్ని ఎప్పటికీ వదలరట అని చేతులు తిప్పుకుంటూ బాబాయి గొంతుతోనే చెప్పాను. నాన్న ముద్ద నోటి దగ్గర ఆపి విన్నాడు. భలే బుర్రయ్యా వాడిది అని మెచ్చుకున్నాడు. తర్వాత కాసేపు ఏదో ఆలోచిస్తూ తిన్నాడు. అమ్మ పెరుగు వడ్డిస్తూ నన్ను మాట్లాడకుండా తినమంది. ఎప్పుడూ అనే మాటే కాబట్టి నేను పట్టించుకోలేదు.

చలి బాగా ముదిరాక ఒక శుక్రవారం, దోహాలో నజ్మా పేటలో ఉండే బాబాయి వాళ్ళ ఊరి మనిషి వచ్చాడు. ఊరి నుంచి ఫోను వచ్చిందట. వాళ్ళ అవ్వ మంచాన పడింది, డాక్టర్లు తీసుకుపొమ్మన్నారు, చిన్నకొడుకు పేరే కలవరిస్తోంది. ఆ మర్నాడు నేను నాన్నకు టీ ఫ్లాస్కు ఇవ్వడానికి ఆఫీసు గదికి వెళ్ళేసరికి అన్నదమ్ములిద్దరూ ఆయన బల్ల ముందు నిలబడి ఉన్నారు. నన్ను ఎవరూ చూడలేదు. నేను గుమ్మంలోనే ఆగాను.

అప్పట్లో ఇక్కడ ఎవరు దేశం దాటాలన్నా యజమాని సంతకం కావాలి. తోటలో అందరి పాస్‌పోర్టులూ నాన్న వెనకాల ఉన్న బీరువాలో ఉండేవి. అంతకు ముందు ఏడాది ఇద్దరు పనివాళ్ళు సెలవు మీద వెళ్ళి మళ్ళీ రాలేదు. దానికి అర్బాబ్ నాన్ననే నిలదీశాడు. ఇప్పుడు చూస్తే నెల్లాళ్ళలో అతిథులు డేగలతో వస్తున్నారు. నాన్న భయం నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన ఏమీ తేలిక కాలేదు.

"సారూ, తల్లికి చిన్నోడే గదా కొరివి పెట్టాలె," అన్నాడు బాబాయి. "ఇద్దర్ని పంపుండ్రి, ఇరవై రోజులల్ల వస్తం. కుదరదంటే వాన్నొక్కన్ని పంపుండ్రి, నేనీడనే ఉంట."

ఆ ఆనవాయితీ నాన్నకు తెలియనిది కాదు. మా నాయనమ్మకు మా చిన్నాన్నే కొరివి పెట్టాడు, నాన్న పక్కన నిలబడ్డాడు. తోటలో మేనేజరు ఇంకో దేశం వాడైతే తెలియక చేశాడనుకునేవాళ్ళేమో. నాన్న కుర్చీలో వెనక్కి వాలి, కోపమేమీ లేకుండా, చాలా మంచిగా మాట్లాడాడు. ఆ మంచితనమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"వాడు వెళ్తే మళ్ళీ రాడయ్యా. పెళ్ళి సంబంధం కూడా చూసి పెట్టారటగా. నువ్వు వెళ్ళు. నువ్వైతే వాడి కోసమైనా తిరిగొస్తావు," అన్నాడు. తర్వాత చిన్నగా నవ్వాడు. "ఇదేం నేను కనిపెట్టింది కాదులే. నీ కౌజుల విద్యే కదా. మా అమ్మాయి చెప్పింది."

బాబాయి వెనక్కి తిరిగాడు. గుమ్మంలో ఫ్లాస్కు పట్టుకుని నేను ఉన్నాను. ఆయన చూపులో కోపం ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని, పెద్దవాళ్ళ కోపాలు చాలా చూశాను. ఇంట్లో వస్తువు పోయినప్పుడు ఊరంతా వెతికి, చివరికి ఇంటి మనిషే తీసిందని తెలిస్తే చూస్తారే, అలా చూశాడు. ఫ్లాస్కు నాన్న బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. టీ కొంచెం ఒలికింది.

ఆ సాయంత్రం అమ్మా నాన్నా గొడవపడ్డారు. వాళ్ళు గట్టిగా గొడవపడడం నేను అదే మొదటిసారి వినడం. చిన్నకొడుకండీ, కన్నతల్లండీ అని అమ్మ. ముసలావిడ ఇంకా పోలేదుగా, అప్పుడే కొరివి మాట ఎందుకని నాన్న. మీకు పాపం తగులుతుందని అమ్మ అన్న తర్వాత నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. మర్నాడు బాబాయి పాస్‌పోర్టు ఒక్కటే బీరువాలోంచి బయటికి వచ్చింది. ఆయన బండి ఎక్కేముందు తమ్ముడికి పిట్టల సంగతులన్నీ అప్పగించాడు. నేను పక్కనే నిలబడ్డాను. నావైపు చూడలేదు.

ఆ ఇరవై రోజులూ చిన్న బాబాయి అటు మోటార్లు, ఇటు పిట్టలు చూసుకున్నాడు. నేను బడి నుంచి రాగానే వెళ్ళి గింజలు వేసేదాన్ని. మాటలు మాత్రం మా ఇద్దరి మధ్య ముందూ లేవు, అప్పుడూ లేవు. సాయంత్రం లోపలి పిట్టలు అరవడం మొదలుపెడితే అతను లేచి మోటార్ల షెడ్డులోకి వెళ్ళిపోయేవాడు. ఆ చప్పుడులో పిట్టల అరుపు వినపడదని అప్పుడు నాకు తట్టలేదు.

రెండో శుక్రవారం మధ్యాహ్నం నజ్మా మనిషి మళ్ళీ వచ్చాడు. వలగూటి దగ్గరే నిలబడి విషయం చెప్పాడు. అన్న చేరాక అవ్వ తొమ్మిది రోజులు బతికిందట. కళ్ళు తెరిచినప్పుడల్లా పెద్దకొడుకు వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని చూసేదట. ఆ పొద్దునే పోయింది. అక్కడ అన్నే కొరివి పెట్టాడు.

చిన్న బాబాయి చేతిలో నీళ్ళ బకెట్టు ఉంది. మిగిలిన గిన్నెలన్నిటిలో నీళ్ళు పోసి, గులకరాళ్ళు సరిచేసి, బకెట్టు బోర్లించాడు. తర్వాత మోటారు గొట్టం కిందికి వెళ్ళి బట్టలతోనే తల మీద నీళ్ళు పట్టుకున్నాడు. చలికి దవడలు కొట్టుకుంటుంటే వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"బిడ్డా, ఇండియా ఎటు దిక్కుంటది?"

నాకు తెలిసిన సంగతి కదా, చెప్పాను. బడిలో పటం మీద చూపించారు. గోడ మూల ఖర్జూరపు చెట్ల వైపు వేలు పెట్టి తూర్పు చూపించాను. అతను ఆ వైపు తిరిగి తడిబట్టలతో నేల మీద కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో నాకు తెలియదు. నాకు ఏడుపు వచ్చి ఇంట్లోకి పరిగెత్తి అమ్మ కొంగు పట్టుకున్నాను. అమ్మకు చెప్పాలని నోరు తెరిచాను గానీ మాట రాలేదు. జీవితంలో నేను చెప్పలేకపోయిన మొదటి సంగతి అది. అమ్మ కిటికీలోంచి చూసి తనే తెలుసుకుంది.

బాబాయి చెప్పిన రోజుకు చెప్పినట్టు తిరిగొచ్చాడు. గుండు చేయించుకున్న తల మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. మా ఇంటి ముందు నుంచే నడిచి తిన్నగా తమ్ముడి గదికి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం మోటారు దగ్గర తమ్ముణ్ణి కూర్చోబెట్టి తనే గుండు గీశాడు. రాత్రి అన్నాల దగ్గర నాన్న ముఖం విప్పారి ఉంది. చెప్పానా వస్తాడని, అన్నాడు అమ్మతో.

"వచ్చాడు లెండి. వాళ్ళమ్మ రాదు," అంది అమ్మ. కంచం ముందు నుంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న తన భోజనం పూర్తిచేశాడు. నేను తిన్నానో లేదో గుర్తులేదు.

వారం రోజులు బాబాయి తన పని తాను చేసుకున్నాడు. నేను వెళ్తే పొమ్మనలేదు, రమ్మనలేదు. గింజల డబ్బా నాకు అందేచోట పెట్టి పక్కకు తప్పుకునేవాడు. బాబాయ్, నేను ఊరికే చెప్పాను, నాన్న అలా చేస్తాడని తెలియదు అని రోజూ అనుకుని వెళ్ళేదాన్ని. రోజూ అనకుండా వచ్చేదాన్ని. ఊళ్ళో సంగతులన్నీ గలగలా చెప్పేదాన్ని, ఆ ఒక్క ముక్క నోటికి రాలేదు.

అతిథులు రావడానికి నాలుగు రోజుల ముందు, బడి బట్టలు వేసుకుని బస్సు కోసం బయటికి వచ్చాను. వలగూటి దగ్గర బాబాయి కనిపిస్తే అటు నడిచాను. ఆయన తలుపు ఒక్కటే తీయలేదు, ఒక పక్క వల మొత్తం ముడులు విప్పి కిందికి జారవిడిచాడు. లోపలి ఆరు పిట్టలూ కదల్లేదు. వాటికి బయటికి వెళ్ళాలని తోచనే లేదు. ఆయన లోపలికి వెళ్ళి భుజం మీది తువ్వాలుతో అదిలించాడు. అయిదు పోయాయి. పెద్ద గొంతుది మాత్రం వల దాటి, గడ్డి అంచున ఆగి, ఇటూ అటూ చూసింది. ఆయన వంగి మట్టిగడ్డ తీసి దాని మీదికి విసిరాడు. అది పరుగు తీసింది. ఇన్నాళ్ళు గుడ్డు నలిపి పెట్టిన చేత్తో ఆయన ఒక పిట్టను కొట్టబోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"పో బిడ్డా, సారుకు చెప్పు," అన్నాడు, వచ్చిన తర్వాత నాతో అన్న మొదటి మాట అది. "గీసారి గూడ నువ్వే చెప్పాలె."

చెప్పనని తల అడ్డంగా ఊపాను. ఏడుస్తున్నాను. చెప్పు, చెప్తెనే మాకు మంచిది అన్నాడు. ఆ గొంతులో కసి ఉంది, కొంచెం పాత బాబాయి కూడా ఉన్నాడు. నేను వెళ్ళి చెప్పాను. నాన్న గడ్డం గీసుకుంటున్నాడు, నురగ మొహంతోనే పరిగెత్తుకొచ్చాడు. ఖాళీ గూటిని చూసి, ఏం చేశావో తెలుస్తోందా నీకు అని అరిచాడు. బాబాయి తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు.

"లోపల ఇగ ఎవ్వరు లేరు సారు," అన్నాడు. "మమ్ముల గూడ పంపుండ్రి."

ఆ సాయంత్రం తోటలో ఒక్క కౌజూ పిలవలేదు. రెండో రోజు దూరంగా గోడ అవతల ఒకటి అరిచింది. వచ్చిన అతిథులు మూడు డేగలను ఎగరేస్తే, దొరికినవి రెండో మూడో. అర్బాబ్ ఈసారి నాన్నను తిట్టలేదు, మొహం కూడా చూడలేదు. అన్నదమ్ములిద్దరినీ వెంటనే పంపించెయ్యమన్నాడు. మోటార్లకు చిన్నవాణ్ణయినా ఉంచుకుందామని నాన్న నసిగాడు. అర్బాబ్ పొమ్మన్నట్టు చెయ్యి విసిరి "యల్లా, ఇద్దరూ!" అన్నాడు. బీరువాలోంచి రెండు పాస్‌పోర్టులూ ఒకేసారి బయటికి వచ్చాయి. నేను ఆ బీరువాలోకి చూస్తూ నిలబడ్డాను.

పికప్ బండి వెనకాల ఇద్దరూ చెరో పక్క కూర్చున్నారు. చిన్న బాబాయి ఖర్జూరపు చెట్ల మూలకు ఒకసారి చూశాడు. పెద్దాయన గేటు దాటేవరకూ బండి ముందుకే చూస్తూ కూర్చున్నాడు. నేను చెయ్యి ఊపాను. ఎవరికి ఊపానో నాకే తెలియదు. చాలా రోజుల తర్వాత నజ్మా మనిషి ఎక్కడో కలిసి, ఊళ్ళో సరైన పని దొరక్క ఇద్దరూ అవస్థ పడుతున్నారని, అవ్వ సంవత్సరీకం మాత్రం చిన్నవాడి చేత్తోనే జరిగిందని అమ్మతో చెప్పాడు. ఆ తర్వాత ఏ కబురూ లేదు.

మా నాన్న చెడ్డవాడు కాదు. ఆ మాట అనడం నాకు బాగా అలవాటైపోయింది, అన్నప్పుడల్లా ఎవరూ అడగలేదని గుర్తొస్తుంది. పండక్కి పనివాళ్ళందరికీ బట్టలు కొనేవాడు, ఎవరికి జ్వరమొచ్చినా తనే బండిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. పోయేముందు దాకా నన్ను రేడియో అనే పిలిచాడు, అది ఎప్పుడో మూగబోయిందని ఆయన గమనించలేదు.

ఇప్పుడు నేను దోహాలో ఉంటాను. ముషైరిబ్‌లో ఆఫీసు, మెట్రోలో రాకపోకలు, ఇంట్లో ఒక మనవడు. కౌజులు ఇప్పుడు ఈ ఊరి పార్కుల్లో కూడా తిరుగుతున్నాయి. ఇవి ఈ దేశపు పిట్టలు కావట, ఎక్కడి నుంచి వచ్చాయో అని నడకకు వచ్చేవాళ్ళు ఆశ్చర్యపోతుంటారు. నేను కల్పించుకోను. సాయంత్రం అవి అరుస్తుంటే మనవణ్ణి తీసుకుని ఇంకో దారిన వచ్చేస్తాను.

మా ఇంట్లో ఆరేళ్ళుగా వంట చేసిన ఆమెది గోదావరి జిల్లా. నేను అక్కా అనే పిలుస్తాను. ఆమె పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉంటుంది. ఆ విషయంలో నాకు లోలోపల చాలా గర్వం. మొన్న కూతురి కాన్పుకు నెల రోజులు వెళ్ళొస్తానని అడిగితే, అడిగిన నిమిషంలో సరేనని టికెట్టు తీశాను. బయలుదేరే రోజు ఆమె సామాన్లు సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి, ఆ పెద్ద పెట్టె ఇక్కడే ఉంచెయ్యి అక్కా, మోసుకెళ్ళడం ఎందుకు, ఎలాగూ వచ్చేస్తావుగా అన్నాను. కోపమేమీ లేకుండా, చాలా మంచిగా అన్నాను. ఆమె సర్దడం ఆపి నావైపు చూసింది. ఆ చూపు నాకు తెలిసినదే.

"అలాగేనమ్మా," అంది.

నాలుగు రోజులు ఓర్చుకున్నాను. అయిదో రోజు కార్గో వాళ్ళకు ఫోను చేశాను, ఆ పెట్టెను ఆమె ఊరికే పంపించేద్దామని. ఆమె అడగలేదు, నేనూ ఆమెకు చెప్పలేదు. పెట్టె బరువని మా అబ్బాయిని సాయానికి పిలిచి, ఒక పక్క పిడి పట్టుకుని ఎత్తాను. అది ఒంటి చేత్తో పైకి లేచింది. మూత తీస్తే, నేను కొనిచ్చిన రెండు వంటింటి ఏప్రాన్లు ఉతికి మడత పెట్టి ఉన్నాయి. వాటి మీద మా ఇంటి తాళంచెవి ఉంది.

ఆమెకు కౌజుల సంగతి ఎవరూ చెప్పి ఉండరు. ఆ రోజు గుమ్మంలో నా నోటి వెంట వచ్చిన మా నాన్న గొంతును ఆమె వింది, అంతే.